మా మారుతి 800 క్లచ్: కేబులు దగ్గర మొదలై ప్లేటు దాకా

ఇంజనును గేర్‌బాక్సు నుంచి విడదీసే క్లచ్ పూర్తిగా విడవకపోతే ఆ సంగతిని ముందుగా బయటపెట్టేది రివర్స్ గేరు. మారుతి 800లో ముందుకు నడిపే గేర్లకు సింక్రోమెష్ ఉంటుంది. పళ్ళు కలిసే ముందు వాటి వేగాలను అది సరిచూసి, గేరు మెత్తగా పడేలా చేస్తుంది. రివర్స్‌కు ఆ ఏర్పాటు లేదు. పెడల్‌ను అడుగంటా తొక్కినా క్లచ్ ప్లేటు ఇంకా కాస్త ఈడ్చుకుంటూ తిరుగుతుంటే, రివర్స్ వేయగానే కర్రుమని పళ్ళు ఒరుసుకుంటాయి. మా కారులో మొదట వినిపించింది ఆ శబ్దమే. కొన్నాళ్ళకు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మొదటి గేరు కూడా మొండికేయసాగింది.

నాన్నగారు 1996లో కొన్న కారు అది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, కార్బురేటర్, నాలుగు గేర్లు. మారుతి 800 తొలి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా యజమానికి అందాయి. మనం రోడ్ల మీద ఎక్కువగా చూసిన రూపం 1986లో వచ్చింది. ఉద్గార నిబంధనలు మారడంతో 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరితో తయారీయే ముగిసింది. ముప్ఫై ఏళ్ళపాటు లక్షల సంఖ్యలో వచ్చిన బండి కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో దీని విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. నాలాంటివాళ్ళం వీటిని ఇంకా నడుపుకోగలగడానికి సగం కారణం అది. బోనెట్ ఎత్తితే చాలా భాగాలు కంటికి కనిపించడం, చేతికి అందడం మిగతా సగం.

గేరు పడటం లేదని చెబితే ఒక షెడ్డులో కారును చూడకుండానే "క్లచ్ ప్లేటు అయిపోయింది, గేర్‌బాక్సు దించాలి" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అరిగిన ప్లేటు జారుతుంది. ఇంజను ఎంత అరిచినా బండి వేగం అందుకోదు. మా కారు జారడం లేదు, పైగా విడవడమే లేదు. అవి రెండూ ఎదురెదురు జబ్బులు. ఒకదాని మందు రెండోదానికి వేస్తే డబ్బు పోతుంది, బాధ మిగులుతుంది.

అందుకని ఇంటి దగ్గరే కొన్ని పరీక్షలు చేసి చూశాను. ముందు ఇంజను ఆపి అన్ని గేర్లూ వేశాను. హాయిగా పడ్డాయి. గేరు రాడ్డులోనో లింకుల్లోనో లోపం ఉంటే ఇంజను ఆపినా గట్టిగానే ఉండేవి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, పెడల్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేశాను. కర్రుమంది. క్లచ్ నిజంగా విడిపోయి ఉంటే ఆ కాస్త వ్యవధిలో గేర్‌బాక్సు లోపలి షాఫ్టు తిరగడం మానేయాలి, శబ్దం రాకూడదు. లోపం క్లచ్ విడవడంలోనే ఉందని అక్కడ తేలిపోయింది. పెడల్ కిందికి కాళ్ళ కింద పరిచే మ్యాటు చొచ్చుకువచ్చి ఉందేమోనని కూడా చూశాను. మందపాటి మ్యాటు వేసుకున్న కార్లలో పెడల్ నేలదాకా దిగదు, దాన్ని క్లచ్ లోపం అనుకుని ఖర్చు పెట్టినవారు నాకు తెలుసు. మా కారులో ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడ ఈ క్లచ్ ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే తర్వాతి విషయాలు అర్థం కావు. 800లో హైడ్రాలిక్ గొడవ లేదు. పెడల్ తొక్కితే ఒక ఉక్కు కేబులు లాగుతుంది. దాని రెండో కొస గేర్‌బాక్సు మీది చిన్న లివరును తిప్పుతుంది. ఆ లివరు లోపలి ఫోర్కును, ఫోర్కు రిలీజ్ బేరింగును ముందుకు నెడతాయి. బేరింగు వెళ్ళి ప్రెషర్ ప్లేటు నడుమ ఉన్న డయాఫ్రం స్ప్రింగు వేళ్ళను నొక్కితే, ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య బిగుసుకుని ఉన్న క్లచ్ ప్లేటు వదులవుతుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు బేరింగుకూ ఆ వేళ్ళకూ మధ్య కాస్త ఖాళీ మిగలాలి. పెడల్ దగ్గర ఆ ఖాళీయే 'ప్లే'గా, అంటే బరువు తగలకుండా పెడల్ వదులుగా కదిలే దూరంగా తెలుస్తుంది. లివరు కొసన 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే చాలు, పెడల్ దగ్గరికి వచ్చేసరికి అది సుమారు రెండు సెంటీమీటర్లవుతుంది.

ఈ ప్లే రెండు రకాలుగా మారుతుంది, రెండూ వేర్వేరు దిక్కులకు. కేబులు సాగితే ప్లే పెరుగుతుంది. పెడల్ ప్రయాణంలో ఎక్కువ భాగం ఆ వదులును లాగడానికే ఖర్చయిపోయి, చివర్లో క్లచ్ పూర్తిగా విడవదు. పెడల్ వదులుతున్నప్పుడు క్లచ్ పట్టుకునే చోటు నేలకు దగ్గరవుతుంది. అదే ప్లేటు అరిగితే ప్లే తగ్గుతుంది. ప్లేటు పలచబడిన కొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు వైపు జరుగుతుంది, దాంతో స్ప్రింగు వేళ్ళు వెనక్కి, బేరింగు మీదికి వస్తాయి. పట్టుకునే చోటు పైకి పోతుంది. ప్లే పూర్తిగా హరించుకుపోతే బేరింగు ఎప్పుడూ వేళ్ళను నొక్కుతూనే ఉంటుంది, క్లచ్ జారడం మొదలవుతుంది. ఈ కారు నడిపేవారందరూ ఈ ఒక్క సంగతి తెలుసుకుని ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ప్లే ఎంత ఉందన్నది ఎవరైనా కొలుస్తారు. అది ఏ వైపుకు మారుతూ వస్తోందో నడిపేవాడికే తెలుస్తుంది. మెకానిక్‌కు మనం చెప్పగలిగిన అత్యంత విలువైన సమాచారం అదే.

మా కారులో పట్టుకునే చోటు కిందికి దిగింది. పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి, చేత్తో మెల్లగా నొక్కుతూ బరువు తగిలేచోటును గుర్తిస్తే ప్లే మూడు సెంటీమీటర్లు దాటింది. సర్దుబాటు చేయడం కష్టమేమీ కాదు. కేబులు చివర మరలు ఉన్న కడ్డీ, దానికి నట్టు ఉంటాయి. ముందు ఆ మరల మీది మట్టినీ తుప్పునూ వైరు బ్రష్‌తో గీకి, కాస్త నూనె వేసి వదిలేశాను. తుప్పు పట్టిన నట్టును బలవంతంగా తిప్పితే కడ్డీతోపాటు లోపలి కేబులూ మెలిక తిరుగుతుంది. అందుకే కడ్డీని కటింగ్ ప్లయర్‌తో కదలకుండా పట్టుకుని నట్టును మాత్రమే తిప్పాలి. బిగిస్తే ప్లే తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. ఒక్కో చుట్టు తిప్పుతూ, మధ్యమధ్య పెడల్‌ను బాగా తొక్కి వదులుతూ రెండు సెంటీమీటర్లకు తెచ్చాను. తర్వాత ఇంజను మీద రివర్స్ వేస్తే చప్పుడు లేకుండా పడింది. నట్టు దాటి బయటికి వచ్చిన మర పొడవును కొలిచి, తేదీ వేసి ఒక కాగితం మీద రాసి గ్లోవ్‌బాక్సులో పెట్టాను.

ఆ కాగితం త్వరలోనే పనికొచ్చింది. వారం తిరగకుండానే రివర్స్ మళ్ళీ కర్రుమంది, ప్లే మళ్ళీ మూడుకు చేరింది. ఏళ్ళ తరబడి మెల్లగా సాగాల్సిన కేబులు వారంలో సెంటీమీటరు తేడా చూపిస్తోందంటే అది మామూలు సాగుడు కాదు, ఎక్కడో ఏదో తెగుతోంది, జారుతోంది, లేదా వంగుతోంది. ఇలాంటప్పుడు మళ్ళీ నట్టు బిగించి ఊరుకుంటే రోగం దాగుతుంది తప్ప పోదు.

ఆటోనగర్‌లో పాతకార్లే చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్నకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. "ఎక్కడ పట్టుకుంటోంది బాబూ, కిందనా పైనా?" కిందికి దిగుతోందని చెప్పి కాగితం చూపించాను. "అయితే గేర్‌బాక్సు జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు" అన్నారు. నన్ను పెడల్ తొక్కమని, ఆయన బోనెట్ దగ్గర నిలబడి ఒక్కొక్కటే చూస్తూ వచ్చారు. కేబులు బయటి గొట్టం కొస ఆనిన చోట రేకు ఉబ్బుతోందా అన్నది మొదటిది. పాత బండ్లలో ఆ రేకు బీటలిస్తే మనం తొక్కిన తొక్కుడంతా దాన్ని వంచడానికే పోతుంది. ఉబ్బలేదు. రెండోది గేర్‌బాక్సు మీది లివరు. దాన్ని షాఫ్టుకు బిగించే బోల్టు వదులైతే లివరు పళ్ళ మీద జారిపోతుంది. ఆ బోల్టు గట్టిగానే ఉంది. మూడోది పెడల్ కొక్కెం దగ్గరి కేబులు కొస. డ్యాష్‌బోర్డు కిందికి దూరి టార్చి వేసి చూస్తే కారణం కళ్ళెదుట కనిపించింది. సన్నని ఉక్కు పోగులు కొన్ని తెగి ముళ్ళలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్కో పోగు తెగినప్పుడల్లా బరువు మిగిలిన పోగుల మీద పడి అవి సాగుతున్నాయి. అందుకే ప్లే రోజురోజుకూ పెరుగుతోంది.

కొత్త కేబులు కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి పొడవు, రెండు కొసల ఆకారం సరిచూసుకోవడం తప్పనిసరి. మోడల్‌ను బట్టి తేడాలుంటాయి. ఓమ్నీలో ఇంజను సీటు కింద ఉంటుంది కాబట్టి దాని కేబులు దీనికి పనికిరాదు. వేసేటప్పుడు ఎక్కడా గట్టి మడత పడకుండా, వేడి పొగగొట్టానికి దూరంగా, పాతది వెళ్ళిన దారిలోనే పోనిచ్చాం. కొక్కెం దగ్గరా లివరు దగ్గరా కాస్త గ్రీజు పెట్టాం. ఆ తర్వాత పెద్దాయన నా చేత పెడల్‌ను చాలాసేపు తొక్కించారు. కొత్త కేబులు గొట్టం తన గాడిలో కుదురుకున్నాకే ప్లే పెట్టాలట. నిజమే, కుదురుకోకముందు ఒకసారి కొలిచిందానికీ తర్వాత కొలిచిందానికీ తేడా వచ్చింది. పెడల్ బరువు కూడా సగానికి సగం తగ్గినట్టు అనిపించింది. అంతవరకూ ఆ బరువు స్ప్రింగు ముసలిదవడం వల్ల వచ్చిందనుకునేవాళ్ళం ఇంట్లో.

కేబులు దారి మధ్యలో తెగితే ఏం చేయాలో కూడా ఆయనే నేర్పించారు. ముందు ఎవరూ లేరని చూసుకుని, ఇంజను ఆపి ఉండగానే మొదటి గేరు వేసి తాళం తిప్పాలి. స్టార్టర్ మోటారే బండిని కదిలిస్తుంది, ఇంజను అందుకుంటుంది. కదిలాక యాక్సిలరేటర్ వదిలి, గేరును మెల్లగా న్యూట్రల్‌కు లాగి, ఇంజను వేగం తగ్గుతుండగా పై గేరు వైపు ఆనిస్తే తనంతట తానే పడుతుంది. షెడ్డు వరకు చేరుకోవడానికి మాత్రమే ఇది. రద్దీలో ప్రయత్నించకూడదు.

అక్కడితో ఒక అధ్యాయం ముగిసింది. కానీ గ్లోవ్‌బాక్సులోని కాగితం మీద అంకెలు రాయడం నేను మానలేదు. తరువాతి నెలల్లో ప్లే ఈసారి తగ్గుతూ వచ్చింది. నట్టును కొద్దికొద్దిగా వదులు చేయాల్సి వచ్చింది. కేబులు కొత్తది కాబట్టి ఇది ప్లేటు అరుగుదలే. ప్లేటు వంతు దగ్గరపడుతోందని ముందే తెలుసు కాబట్టి, నల్లమల ఘాట్‌లో జరిగినదానికి కంగారు పడలేదు.

దోర్నాల దాటి శ్రీశైలం వైపు ఎక్కుతున్నాం. నలుగురం, సామాను, ఎండ. ఒక మలుపు తర్వాత మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను గొంతు పెరిగింది, బండి మాత్రం పెరగలేదు. కాలిన వాసన వచ్చింది. పక్కకు తీసి ఆపి, ముందు ప్లే చూశాను. ఉండాల్సినంత ఉంది. ప్లే లేకుండా జారి ఉంటే అక్కడే నట్టు వదులు చేస్తే సరిపోయేది. ప్లే ఉండీ జారుతోందంటే లోపం లోపలే ఉంది, రోడ్డు మీద సరయ్యేది కాదు. రాత్రిపూట ఆ అటవీ దారిలో రాకపోకలు ఆపేస్తారు కాబట్టి ఆలస్యం చేసే వీలు లేదు. చల్లబడేదాకా ఆగి, కింది గేరులో, యాక్సిలరేటర్ మీద చాలా తేలికగా కాలు పెట్టి నిదానంగా ఎక్కించాను. జారుతున్న క్లచ్‌కు అసలు శత్రువు వేడి. ఎక్కువ నొక్కితే ఎక్కువ జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా జారుతుంది.

ఇంటికి చేరాక నిర్ధారణ కోసం చేసే పరీక్ష ఒకటుంది. హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ కూడా తొక్కి, పెద్ద గేరులో కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలాలి. మంచి క్లచ్ అయితే ఇంజను వెంటనే ఆగిపోతుంది. మాది ఆగకుండా కాసేపు గింజుకుంది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, మళ్ళీ మళ్ళీ చేస్తే మిగిలిన ప్లేటు కూడా మాడిపోతుంది.

గేర్‌బాక్సు దించే పని ఇంటి దగ్గర పెట్టుకోలేదు. అదే పెద్దాయన షెడ్డులో, పక్కనే ఉండి చూశాను. గేర్ ఆయిల్ తీసి, డ్రైవ్ షాఫ్టులు ఊడదీసి, ఇంజనుకు కింద ఊతం పెట్టి గేర్‌బాక్సును పక్కకు లాగారు. ప్లేటు చేతికి వచ్చాక దాని మీద రెండు కథలు కనిపించాయి. రివిట్ల తలల మీద అర మిల్లీమీటరు మందం మిగలడమే చివరి హద్దు. ఇందులో ఒకవైపు అంతకంటే తక్కువ ఉంది. ఇది వయసు. రెండోవైపు నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. ఇది నూనె. ఫ్లైవీలు వెనక క్రాంక్ షాఫ్టు ఆయిల్ సీలు నుంచి సన్నగా కారుతున్న నూనె చిమ్మి ప్లేటు మీద పడుతోంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేసి ఉంటే అది కూడా కొన్ని నెలల్లో ఇదే దారి పట్టేది. పక్కనున్న కుర్రాడు ప్లేటు ఒక్కటే మార్చి మూసేద్దామన్నాడు, ఖర్చు తగ్గుతుందని. నా మనసుకు అది పట్టలేదు. గేర్‌బాక్సు దించే కూలీయే ఇందులో పెద్ద భాగం. అంత కష్టపడి తెరిచినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఆయిల్ సీలు నాలుగూ మార్చడమే న్యాయం. పెద్దాయనా అదే అన్నారు.

ఫ్లైవీలు ముఖం మీద అక్కడక్కడ నీలి మచ్చలు ఉన్నాయి, ఘాట్ మీద వేడెక్కిన గుర్తులు. గీతలు లోతుగా లేవు. దాన్ని లేత్ మీద పలచగా సాపు చేయించారు. ఫోర్కు షాఫ్టు బుష్‌లు ఎండిపోయి ఉంటే శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. గేర్‌బాక్సు షాఫ్టు స్ప్లైన్ల (ప్లేటు కూర్చునే నిలువు గాళ్ళ) మీది తుప్పు రజను తీసేసి, వేడికి కరగని గ్రీజును పలచగా రాశారు. ఎక్కువ రాస్తే అదే చిమ్మి ప్లేటు మీద పడుతుంది. రిలీజ్ బేరింగును మాత్రం పెట్రోలులో ముంచి కడగనివ్వలేదు ఆయన. లోపల కంపెనీ నింపిన గ్రీజు కరిగిపోతే బేరింగు కొత్తదైనా కొద్దిరోజులకే అరవడం మొదలుపెడుతుంది. ప్లేటును నట్టనడుమ నిలిపే గైడు కడ్డీ పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. ఒకేవైపు బిగించుకుంటూ పోతే ప్రెషర్ ప్లేటు వంగుతుంది.

అంతా కూడి బండి బయటికి వచ్చాక గేర్లు వెన్నలా పడ్డాయి. జారుడు లేదు. అయితే మొదటి గేరులో కదిలేటప్పుడు బండి గజగజ వణికింది. కొత్త ప్లేటు సరిగా కూర్చోలేదేమోనన్న అనుమానం వచ్చింది ఇంట్లోవాళ్ళకు. నూనె మరక, వంగిన ప్లేటు, మచ్చలున్న ఫ్లైవీలు, ఇవన్నీ వణుకు తెప్పిస్తాయి నిజమే. కానీ అవన్నీ మన కళ్ళ ముందే సరిచేసినవి. బయట మిగిలింది ఇంజనును బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగు. బోనెట్ తెరిచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు మొదటి గేరులో క్లచ్‌ను కొద్దిగా వదులుతుండగా నేను పక్క నుంచి చూశాను. ఇంజను ఒకవైపు లేచి పడుతోంది. ఆ వైపు మౌంటింగు రబ్బరు చీలి ఉంది. అది మార్చాక వణుకు పోయింది.

కొత్త ప్లేటు ఒదిగేదాకా కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ బరువు, ఘాట్లు లేకుండా నడిపాను. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద వాహనాలు వరుసకట్టి ఆగినప్పుడు క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. నేను హ్యాండ్ బ్రేకు వేస్తాను. ఈ కారులో ఎడమ పాదం పెట్టుకోవడానికి వేరే చోటు లేదు కాబట్టి పాదాన్ని పెడల్ మీద కాకుండా నేల మీదే ఉంచడం కూడా అలవాటు చేసుకోవాలి. పెడల్ మీద పాదం బరువు కొద్దిగా ఆనినా బేరింగు వేళ్ళను తాకుతూనే ఉంటుంది.

ప్లేటు ఒదిగాక ప్లే కాస్త తగ్గింది. ముందే అనుకున్నదే. నట్టును అర చుట్టు వదులు చేసి కొత్త కొలత రాశాను. డిక్కీలో స్టెప్నీ పక్కన కొత్త క్లచ్ కేబులు ఒకటి చుట్టిపెట్టి ఉంచాను. ఇంజను ఆయిల్ మార్చినప్పుడల్లా కిందికి వంగి, ఇంజను గేర్‌బాక్సుతో కలిసే చోట నూనె చెమ్మ ఉందేమోనని గుడ్డతో తుడిచి చూస్తున్నాను. కొత్త సీలు ఇంతవరకూ గట్టిగానే ఉంది.